నూర్బర్గ్‌రింగ్‌లో 185 యూరోల టైరు

జర్మనీలోని రేసు ట్రాక్ నూర్బర్గ్‌రింగ్ వద్ద మాకు కారు అద్దెకిచ్చిన సంస్థ, కారు తిరిగి అప్పగించిన సాయంత్రం ఎడమవైపు ముందు టైరు అరిగిపోయిందంటూ 185 యూరోలు మినహాయించుకున్నది. ఆ అరుగుదల మేము కారు ఎక్కకముందే ఉన్నది. దాన్ని చేత్తో తడిమి మాకు చూపించినది మేము విడిగా కుదుర్చుకున్న డ్రైవింగ్ శిక్షకుడే.

గత జూన్‌లో నేను, నా భార్య, హైదరాబాదు నుంచి వచ్చిన మా బావమరిది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెళ్ళి ట్రాక్ పక్కనున్న ఆడెనావ్ ఊళ్ళో దిగాము. ముగ్గురికి గది, ఫలహారంతో కలిపి 118 యూరోలు, శుభ్రంగా ఉన్నది. నూర్బర్గ్‌రింగ్‌లో 1927లో ప్రారంభమైన పాత ట్రాక్ నోర్డ్‌ష్లైఫె 20.8 కిలోమీటర్ల దారి. ప్రజలకు తెరిచిన వేళల్లో టికెట్టు కొని నడపవచ్చు. మేము వెళ్ళిన శనివారం ల్యాపుకు, అంటే ఒక చుట్టుకు, 35 యూరోలు తీసుకున్నారు. మామూలు అద్దె కార్లతో అక్కడికి వెళ్తే ఒప్పందం ఉల్లంఘించినట్లే కనుక ప్రత్యేకంగా అందుకే ఇచ్చే చిన్న కారును నాలుగు ల్యాపులకు 390 యూరోలకు తీసుకున్నాము. “ఇంత దూరం వచ్చి ఈ చిన్న బండేమిటి బావా” అని మా బావమరిది ముఖం ముడుచుకున్నాడు. అంచున ఉన్న ఇనుప కంచెకు కారు తగిలితే ఆ కంచె ఖర్చు కూడా నడిపినవాడే భరించాలని తెలిసిన నేను మాత్రం నా మాట మీదే నిలబడ్డాను.

శిక్షకుడు రెండు ల్యాపులకు 160 యూరోలు తీసుకున్నారు. కారు ఎక్కే ముందు ఆయన ఎడమ ముందు టైరు బయటి అంచు మీద వేళ్ళు పెట్టి, అక్కడ రబ్బరు చిరిగినట్లు గరుకుగా ఉండటం చూపించారు. ఈ దారిలో కుడి మలుపులు ఎక్కువ, కుడికి తిరిగినప్పుడు కారు బరువు ఎడమ టైర్ల మీద పడుతుంది. ఇంతకుముందు నడిపినవారు మలుపుల్లోకి మరీ వేగంగా, మరీ తొందరగా తిరిగారు, ఇది వాళ్ళు వదిలిన గుర్తు అన్నారు.

ఆ తొందర ఎంత నష్టమో ఆరెంబెర్గ్ దగ్గర నాకు అర్థమైంది. అది గట్టిగా బ్రేకు వేసి తిరగవలసిన కుడి మలుపు. మలుపు కనిపించగానే లోపలి అంచు వైపు తిప్పడం మన చేతులకు సహజం. కానీ లోపలి అంచును ముందే తాకితే బయటికి వచ్చేచోట దారి చాలదు, స్టీరింగు ఇంకా తిప్పవలసి వస్తుంది, ముందు టైర్ల పట్టు చాలక కారు బయటి అంచుకు జారుతుంది. ఆయన నన్ను బయటి అంచునే ఇంకొంత దూరం ఉంచి, ఆలస్యంగా తిప్పించి, లోపలి అంచును మలుపు చివరి భాగంలో తాకించారు. అప్పటికి కారు ముక్కు దిగువన ఉన్న ఫుక్స్‌రోరె అనే పల్లపు దారి వైపు తిన్నగా ఉండటంతో యాక్సిలరేటర్ ముందుగా నొక్కగలిగాను.

రెండో పాఠం బ్రేకు వదలడం. టైరుకు ఉండే పట్టు ఒక్కటే, దాన్ని ఆగడానికీ తిరగడానికీ పంచుకోవాలి. బ్రేకును ఒక్కసారిగా వదిలితే బరువు వెనక్కి పోయి, తిరగడానికి అవసరమైన క్షణంలోనే ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. అందుకని స్టీరింగు తిప్పుతున్న కొద్దీ పాదం మెల్లగా పైకి తీయాలి. గంటకు 60 కిలోమీటర్లతో తిరిగే మలుపులోకి అదే దారిన 66తో వెళ్తే టైర్లు 21 శాతం ఎక్కువ పట్టు ఇవ్వాలని తెలిసిన తర్వాత, ఆడెనావర్ ఫోర్స్ట్ అనే మలుపుల ముందు వేగం తగ్గించడానికి నాకు మనసొప్పింది.

మొదటి ల్యాపులోనే వాంతి వచ్చేట్లయిన నా భార్య, మిగతా సమయం ట్రాక్ పక్కన బ్రూన్‌షెన్ అనే మలుపు దగ్గర గట్టు మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని, మా ముగ్గురిలో ఎక్కువ ఆనందించింది.

సాయంత్రం కౌంటరులో, అప్పటిదాకా ముభావంగా ఉన్న బావమరిదే నా తరఫున గట్టిగా మాట్లాడాడు. కారు ఇచ్చేటప్పుడు వాళ్ళు రాసిన కాగితంలో టైర్ల గాడుల లోతు రాయవలసిన గడి ఖాళీగా ఉన్నది. దాన్ని చూపించినా, సంతకం మాదే కనుక బాధ్యత మాదే అన్నారు. అక్కడికి వెళ్ళేవారు నాలుగు టైర్ల బయటి అంచులనూ దగ్గరగా ఫొటో తీసి, ఆ గడి నింపించిన తర్వాతే సంతకం చేయండి. పెద్ద కారుకు పెట్టదలచిన డబ్బును శిక్షకుడికి ఇవ్వండి. సెప్టెంబరుకు మేము మళ్ళీ ఆయననే అడిగాము; కారు మాత్రం వేరే చోట తీసుకుంటున్నాము.