చేలో జామాయిల్, గట్టు మీద కానుగ: మట్టికి ఏది మేలు?

ఖమ్మం, కొత్తగూడెం వైపు గానీ ప్రకాశం మెట్టల్లో గానీ జామాయిల్ (యూకలిప్టస్) ఎందుకు వేశారని అడిగితే జవాబు ఒకటే: నాటాక పెద్దగా పని ఉండదు, నాలుగేళ్లకు కర్ర కొనుక్కుపోయే లారీ వస్తుంది. నిజమే. ఆ లారీ వెళ్లాక మట్టిలో ఏం మిగిలిందన్నదే నా ప్రశ్న.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ చెట్టు ఆకులో నూనె ఎక్కువ, నత్రజని తక్కువ. రాలిన ఆకు తొందరగా కుళ్లదు. కానుగ అలా కాదు. అది చిక్కుడు జాతి చెట్టు, వేరుబుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. కానుగ మండలు నరికి దమ్ములో తొక్కడం మన వరి రైతుల పాత అలవాటు. గింజల నూనె తీశాక మిగిలే పిండిలోనూ సుమారు 4 శాతం నత్రజని ఉంటుంది. యూరియా బస్తా కోసం క్యూలో నిలబడే రైతే గట్టు మీది కానుగను కొట్టేస్తుంటే బాధేస్తుంది. కానీ కానుగకు లారీ రాదు, కాపుకొచ్చేదాకా ఏళ్లు ఆగాలి. ఆ ఇబ్బంది నాకూ తెలుసు.

బయటి నుంచి వచ్చిందల్లా చెడ్డదనీ అనలేం. మెక్సికో వైపు నుంచి వచ్చిన సుబాబుల్ కూడా నత్రజని పట్టేదే, కాకపోతే గింజ రాలి పక్క చేలోకీ పాకుతుంది. ఇటు మన టేకును చూడండి. వెడల్పాటి ఆకుల మీద చేరిన వాన నీరు పెద్ద పెద్ద చుక్కలుగా పడుతుంది. కింద గడ్డీ పొదలూ కాల్చేసిన తోటలో పైమట్టి కొట్టుకుపోతుంది.

జామాయిల్‌తో అసలు నష్టం కోతలో ఉంది. బెరడులో కాల్షియం బాగా ఉంటుంది, ఆకులోనూ లేత కొమ్మల్లోనూ మిగతా పోషకాలు ఉంటాయి. దుంగతో పాటు అన్నీ బండెక్కితే, పిలకలు పెంచి మళ్లీ మళ్లీ నరికితే, నేల ఇస్తూనే ఉంటుంది, తిరిగి ఏమీ రాదు. ఇప్పటికే తోట ఉన్నవాళ్లు బెరడు చేలోనే ఒలిపించండి, ఆకూ అలమూ పొయ్యిలోకి పోనివ్వకండి.

కొత్తగా వేయాలనుకునేవారికి నేను చెప్పేది: వేరే పంట రాని గరప నేలైతే జామాయిల్ వేసుకోండి. పంట పండే నేలలో మాత్రం వద్దు. రేపు మనసు మారితే ఆ మోళ్లు పెకలించడానికి ప్రొక్లెయిన్ కిరాయి మీరే కట్టాలి.