మీటింగులో మాట పెగలాలంటే ఏది మేలు: క్లాసా, క్లబ్బా, ప్రాణాయామమా, సొంత ఆఫీసా?

విశాఖ ద్వారకానగర్‌లో ఏ వీధిలోకి తిరిగినా బ్యాంకు పరీక్షల కోచింగ్ బోర్డుల పక్కన ఇంకో రకం బోర్డులు కనిపిస్తాయి: స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్, ఇంటర్వ్యూ స్కిల్స్. చేరేది కాలేజీ పిల్లలే అనుకుంటాం గానీ, సాయంత్రం బ్యాచీల్లో ఉద్యోగస్తులూ ఉంటారు. పరవాడ ఫార్మాసిటీలో కెమిస్టు, దువ్వాడ సెజ్‌లో సూపర్‌వైజరు, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టరు. పని బాగా వచ్చినవాళ్లే. పదిమంది ఉన్న గదిలో పెద్దాయన తమ వైపు తిరిగి "ఏమయ్యా, నువ్వేమంటావు?" అనగానే గొంతు ఆరిపోతుంది. మీటింగ్ అయ్యాక లిఫ్టులో దిగుతుంటే చెప్పాల్సిందంతా వరసగా గుర్తొస్తుంది.

వీళ్లకి సలహాలకేం కొదవ లేదు. క్లాసులో చేరమని ఒకరు, నలుగురిలో మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుకి వెళ్లమని ఇంకొకరు, పొద్దున్నే ప్రాణాయామం చెయ్యమని ఇంట్లోవాళ్లు. అవేవీ అక్కర్లేదు, ఆఫీసులో మాట్లాడుతూ ఉంటే అదే వస్తుందని సీనియర్లు. నా ఓటు ఈ చివరిదానికే. కాకపోతే సీనియర్లు చెప్పినంత తేలిగ్గా "అదే" రాదు. దానికో పద్ధతి కావాలి.

ఇది ధైర్యం సమస్యేనా?

ఉపన్యాసంలో మైకు మన చేతిలో ఉంటుంది. మీటింగులో వంతు మనమే అందుకోవాలి. 2009లో పది భాషల్లో సంభాషణలను పోల్చి చూసిన పరిశోధనలో, ఒకరు ప్రశ్న అడిగాక రెండోవారు జవాబు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర తేలింది. అంటే అవతలివాళ్లు ముగించకముందే మనం జవాబు అల్లుకుంటూ ఉండాలన్నమాట. తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్‌లోకి మార్చి, గ్రామర్ సరిచూసుకుని నోరు తెరిచేసరికి ఆ కాస్త సందూ మూసుకుపోతుంది. ఇంకెవరో మొదలుపెట్టేసి ఉంటారు. దీన్ని పిరికితనం అనడం అన్యాయం. విషయం తెలిసినవాడు ఆలస్యమయ్యాడు, అంతే.

అందుకే వాక్యం మొత్తం సిద్ధమయ్యేదాకా ఆగకూడదు. ముందు వంతు పట్టుకోవాలి. "సార్, ఇక్కడ ఒక మాట" అని చెయ్యి కాస్త ఎత్తితే చాలు. ఆ తర్వాత రెండు సెకన్లు ఆలోచించుకున్నా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పైగా ఆ రెండు సెకన్లే బయటివాళ్లకి నిబ్బరంలా కనిపిస్తాయి.

నాలుగు దారుల్లో ఏది మేలో తూచేటప్పుడు నేను చూసేది ఇదొక్కటే: ఎదుటి మనిషి ఉన్నప్పుడు, మన వంతు వచ్చినప్పుడు, ఆ దారి ఏ మేరకు పనికొస్తుంది?

క్లాసు

అసలు అడ్డు ఇంగ్లిషే అయితే క్లాసు పనికొస్తుంది. విదేశీ క్లయింటుతో కాల్ ఉండి, క్రియాపదాల దగ్గరే తడబడేవాళ్లకి రోజూ గంటసేపు గట్టిగా మాట్లాడించే చోటు ఉండటం మంచిదే. డబ్బు కట్టాం కదా అని మానకుండా వెళ్తాం, అదీ ఒక లాభం.

గొడవంతా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అనే భాగంతోనే. "మన మాటల ప్రభావంలో పదాల వాటా 7 శాతమే, గొంతు 38 శాతం, మిగతా 55 శాతం బాడీ లాంగ్వేజ్" అనే లెక్క ఇలాంటి శిక్షణల్లో తరచూ వినిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. ఒంటరి పదాలు, వాటిని పలికిన తీరు వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, అవతలి మనిషికి ఇష్టమా అయిష్టమా అన్నది ఎలా పసిగడతామో ఆయన చూశాడు. భావాల గురించి కాని మాటలకి ఈ లెక్క వర్తించదని తర్వాత ఆయనే స్పష్టం చేశాడు. మందుల బ్యాచ్ ఎందుకు ఫెయిలైందో చెప్పే మీటింగులో మాటల విలువ 7 శాతమే అయితే ఆ కంపెనీని దేవుడే కాపాడాలి.

నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే ఆత్మవిశ్వాసం వస్తుందన్నదీ ఇలాంటిదే. 2010లో 42 మందితో చేసిన అధ్యయనం నుంచి వచ్చిన మాట అది; ఒళ్లు విశాలంగా పరిచే భంగిమలతో హార్మోన్లు కూడా మారతాయని అందులో చెప్పారు. 2015లో 200 మందితో మళ్లీ చేస్తే హార్మోన్లలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆ మొదటి పరిశోధకుల్లో ముఖ్యురాలైన డానా కార్నీయే ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని 2016లో ప్రకటించింది. వెన్ను నిటారుగా పెట్టుకోవద్దని కాదు. కానీ ఆ క్లాసులో నేర్పినట్టు కూర్చుంటే చాలామంది పెళ్లిచూపులకి వచ్చినట్టే ఉంటారు.

ఇంకో సంగతి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి విశాఖలో ఉద్యోగం చేసేవాళ్లలో కొందరికి ఇంగ్లిష్ కన్నా తెలుగుతోనే భయం ఎక్కువ. నోరు తెరిస్తే యాస బయటపడుతుందనీ, పక్కవాళ్లు నవ్వుతారనీ. ఏ క్లాసూ ఈ భయాన్ని తియ్యదు, యాసని "సరిచేస్తామని" చెప్పి ఇంకాస్త పెంచుతుంది కూడా. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు ఈ ఉత్తరాంధ్ర మనిషే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. మీటింగులో మాట అందకపోవడానికి కారణం చాలాసార్లు వేగం, చివరి మాటలు మింగెయ్యడం. యాస దారిన యాసని వదిలేసి వాక్యం చివరిదాకా గొంతు నిలపడం నేర్చుకుంటే పని జరుగుతుంది.

ప్రాణాయామం

చవకైనది, హాని లేనిది, చేసిన వెంటనే కొంత తేడా తెలిసేది. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే పీల్చినదానికన్నా వదిలే సమయాన్ని పొడిగిస్తే ఒంట్లో హడావిడి తగ్గుతుంది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రోజుకి 5 నిమిషాల చొప్పున నెల రోజులు చేయించి చూస్తే, వదలడాన్ని పొడిగించే పద్ధతి చేసినవాళ్ల మూడ్ ధ్యానం చేసినవాళ్లకన్నా ఎక్కువ మెరుగుపడింది. మీటింగ్ గదిలోకి వెళ్లేముందు కారిడార్‌లో నాలుగైదు సార్లు ఇలా చేస్తే ఎవరికీ తెలియదు కూడా.

అయితే "టెన్షన్ పడకు, టెన్షన్ పడకు" అని మనకి మనమే చెప్పుకోవడం అంతగా పనిచెయ్యదు. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్లకన్నా "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు బాగా మాట్లాడారు. దడ ఎలాగూ ఆగదు, దానికి వేరే పేరు పెట్టడమే సులువు.

దీని పరిమితి కూడా తెలిసిందే. ఆర్కే బీచ్‌లో సూర్యోదయం దాకా ధ్యానం చేసి వచ్చినా, అడిగిన లెక్క దగ్గర లేకపోతే గొంతు మళ్లీ ఆరుతుంది. ఊపిరి మాటని సిద్ధం చేసి పెట్టదు.

క్లబ్బు, సొంత ఆఫీసు: అసలు పోటీ ఈ రెంటికే

టోస్ట్‌మాస్టర్స్ వయసు వందేళ్లు దాటింది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టాడు. లాభాపేక్ష లేని సంస్థ. విశాఖలోనూ క్లబ్బులున్నాయి. అతిథిగా వెళ్లి చూడటానికి మామూలుగా డబ్బు అడగరు. సభ్యులు ఒకరి తర్వాత ఒకరు 5 నుంచి 7 నిమిషాల ప్రసంగాలు చేస్తారు, పచ్చ, పసుపు, ఎరుపు దీపాలతో టైం చూపిస్తారు. ఇందులో ఆఫీసుకి దగ్గరగా ఉండేవి రెండు. ఒకటి టేబుల్ టాపిక్స్: అక్కడికక్కడే ఒక ప్రశ్న ఇస్తారు, ఒకటి రెండు నిమిషాల్లో జవాబు చెప్పాలి. రెండోది మూల్యాంకనం. ఒకరి ప్రసంగం శ్రద్ధగా విని, ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో రెండు మూడు నిమిషాల్లో అందరి ముందు, నొప్పించకుండా చెప్పాలి. క్లబ్బుకి వెళ్లినవాళ్లు ప్రసంగాల గురించే చెబుతారు గానీ, నన్నడిగితే అక్కడ నేర్చుకోదగ్గది ఈ రెండోదే. కింద నలుగురు పనిచేసే స్థానానికి రాబోయేవాళ్లకి ఇంతకన్నా మంచి సాధన దొరకదు.

"ఆ", "అంటే" లాంటి ఊతపదాలు లెక్కపెట్టే మనిషి కూడా ఒకరుంటారు. మొదట్లో సరదాగానే ఉంటుంది. కానీ బెరుకున్నవాళ్ల అసలు ఇబ్బందే తమ మీద తామే కన్నేసి ఉంచుకోవడం. ఊతపదాల లెక్క ఆ కన్నుని ఇంకా పదును పెడుతుంది. క్లబ్బులో మాట మధ్యలో ఎవరూ అడ్డం రారు, చివర్లో చప్పట్లు ఖాయం. ఆఫీసులో ఈ రెండూ తలకిందులు. పైగా ఉక్కునగరంలో ఉండి ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగే మనిషి, సాయంత్రం గాజువాక, ఎన్‌ఏడీ ట్రాఫిక్ దాటి సిటీలో క్లబ్బుకి రావడం రెండో నెలకే మానేస్తాడు.

ఇక ఆఫీసు. బెరుకు మీద బాగా పనిచేసిన మానసిక చికిత్సల్లో ఒకటి 1995లో క్లార్క్, వెల్స్ అనే ఇద్దరు రూపొందించిన నమూనా మీద నిలబడింది. వాళ్లు చెప్పేది ఇది: భయపడే మనిషి తనని కాపాడుకోవడానికి చేసే చిన్న చిన్న పనులే భయాన్ని బతికిస్తాయి. గోడ వారగా కుర్చీ చూసుకోవడం, నోట్‌బుక్‌లోకి తల దించుకోవడం, వాక్యాన్ని మనసులో పదిసార్లు తిప్పుకోవడం, త్వరగా అయిపోవాలని గబగబా చెప్పెయ్యడం. వీటిని ఒక్కొక్కటీ వదులుతూ, చూపుని మన మీద నుంచి ఎదుటివాళ్ల మీదకి మళ్లించడమే సాధన. దానికి సహజమైన చోటు మన పని జరిగే గదే.

కాబట్టి మెట్లు కట్టుకోవాలి. మొదటి మెట్టు ఒక ప్రశ్న: "ఈ డిస్పాచ్ శుక్రవారమా, శనివారమా సార్?" ప్రశ్నలో తప్పు పోయేదేమీ ఉండదు, కానీ మన గొంతు ఆ గదిలో వినబడటం మొదలవుతుంది. మీటింగ్ మొదటి పది నిమిషాల్లోనే అడగాలి. ఆలస్యమయ్యేకొద్దీ నోరు తెరవడం కష్టమవుతుంది. తర్వాతి మెట్టు మనకి మాత్రమే తెలిసిన ఒక అంకె చెప్పడం. స్క్రిప్టు మొత్తం రాసుకోవద్దు, ఆ రోజు చెప్పాల్సిన ఒక్క సంగతి ఇంట్లోనే తేల్చుకుని వెళ్లాలి. ఆ పై మెట్టు, పెద్దవాళ్లతో విభేదించడం.

మన ఆఫీసుల్లో కష్టమంతా ఇక్కడే. "సార్, తప్పుగా అనుకోకండి, నాకు అంత అనుభవం లేదు గానీ, ఒక చిన్న డౌటు..." అని మొదలుపెట్టేసరికి వినేవాళ్లు ఫోన్లోకి వెళ్లిపోతారు. మర్యాద "సార్"లోనూ "అండి"లోనూ ఉంటే చాలు, విషయంలోకి దాన్ని లాగొద్దు. "సార్, ఈ తేదీకైతే రెండు బ్యాచీలే వస్తాయండి. మూడోది కావాలంటే రియాక్టర్ క్లీనింగ్‌కి ఒక రోజు ఇవ్వాలి." ఇందులో అగౌరవం ఎక్కడా లేదు, క్షమాపణా లేదు. మధ్యలో ఎవరైనా అందుకుంటే, "ఇది పూర్తి చేసి మీ మాటకి వస్తాను సార్" అని అదే గొంతుతో కొనసాగించాలి. ఆడవాళ్ల మాట మధ్యలో తెంపడం మగవాళ్లకి అలవాటైన గదుల్లో ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పక్కన కూర్చున్నవాళ్లు "మేడమ్ చెప్పేది పూర్తి కానివ్వండి" అంటే సగం పని అయిపోతుంది. తెలియని ప్రశ్న వస్తే, "ఆ లెక్క ఇప్పుడు నా దగ్గర లేదండి, మూడింటికల్లా మెయిల్ పెడతాను" అని రెండున్నరకే పెట్టెయ్యాలి. నాలుగుసార్లు ఇలా జరిగితే మీ "తెలీదు"కి కూడా విలువ పెరుగుతుంది.

మన దడ బయటికి కనిపించిపోతోందన్న బెంగ ఒకటి ఉంటుంది. మనం అనుకున్నంతగా అది కనిపించదు. ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పి మాట్లాడించినవాళ్లు మిగతావాళ్లకన్నా బాగా మాట్లాడారని 2003లో సావిట్స్కీ, గిలోవిచ్ చూపించారు.

ఈ దారికీ ఒక పెద్ద లోపం ఉంది. కొన్ని చోట్ల బాస్ ప్రశ్న అడిగేదే నలుగురిలో పరువు తియ్యడానికి. అక్కడ మెట్లు కట్టుకోవడం అయ్యే పని కాదు. అలాంటిచోట క్యాంటీన్‌లో టీ దగ్గర, వేరే డిపార్ట్‌మెంటుతో జరిగే చిన్న కాల్స్‌లో, కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పేటప్పుడు సాధన చెయ్యాలి, లేదా అప్పుడు నిజంగానే క్లబ్బుకి వెళ్లాలి.

మీటింగ్ ఉందంటే ముందు రాత్రి నిద్రపట్టకపోవడం, ప్రమోషన్ వస్తే మాట్లాడాల్సి వస్తుందని వద్దనడం, సెలవు పెట్టెయ్యడం దాకా వెళ్తే ఈ నాలుగు దారుల లెక్క పక్కన పెట్టాలి. అది చికిత్స ఉన్న సమస్య. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళప్పుడైనా తెలుగులో ఫోన్ చెయ్యొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. స్నేహితుడు ఇచ్చాడని దడ తగ్గే ప్రొప్రనొలాల్ మాత్ర వేసుకోవద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లకి అది ప్రమాదం, డాక్టర్ చూడకుండా తాకకూడదు.

మిగతావాళ్లు డబ్బు ఖర్చు లేని రెంటితో మొదలుపెట్టొచ్చు: గదిలోకి వెళ్లేముందు ఊపిరి, లోపల రోజుకో ప్రశ్న. రెండు నెలలయ్యాక కూడా ఇంగ్లిషే అడ్డనిపిస్తే క్లాసు. ఇంగ్లిష్ పర్వాలేదు గానీ నలుగురిని నడిపించాల్సి వస్తోందంటే క్లబ్బు. వచ్చే నెలే టీమ్ లీడ్ కాబోతున్నవాళ్లు మాత్రం ఈ వరస తిరగేసి, ఈ వారమే ఒక క్లబ్బుకి అతిథిగా వెళ్లి వెనక కూర్చుని మూల్యాంకనం చేసేవాళ్ల మాటలు వినాలి.