విశాఖ తీరంలో కుటుంబ బోటు విహారం: పడవ మీద ఉన్న శ్రద్ధ నీటి మీద లేదు

విశాఖపట్నం నుంచి భీమిలి వరకు సాగే తీరంలో, కుటుంబాలను సముద్రంలోకి తీసుకువెళ్లే ఒక ప్రైవేటు బోటు సేవ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. పడవ నడిపిన తీరు, సిబ్బంది మర్యాద, చెప్పిన వేళకు బయలుదేరడం, ఈ మూడింటిలోనూ వారిని మెచ్చుకోవలసిందే. అయితే ఆ పడవ ఏ నీటిమీద తిరుగుతుందో, ఆ నీటిలో పిల్లలకూ పెద్దలకూ ఏ అపాయాలు పొంచి ఉంటాయో పట్టించుకునేవారు అక్కడ ఎవరూ కనిపించలేదు. సముద్ర విహారానికి టికెట్టు కొనే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి ముందే తెలియాలన్నది నా కోరిక. సంస్థ పేరు ప్రస్తావించడం లేదు.

మేము వెళ్లినది పై కప్పు ఉన్న చిన్న ఫైబరు బోటు. వెనుక ఔట్‌బోర్డు మోటారు, రెండు వరుసల బల్లలు, పట్టుకోవడానికి అంచుల వెంట ఉక్కు కడ్డీ ఉన్నాయి. మా అమ్మ, నా భార్య, మా పిల్లలు, మా అన్నయ్య కూతురు కలిసి ఎక్కాము. పడవ నడిపే సరంగు జాలారి కుటుంబంలో పుట్టి పెరిగిన మనిషి. కెరటాన్ని ఎదుర్కొనే ముందు వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు ఎదురుగా తిప్పి, అలను దాటించిన తీరులో ఆయన అనుభవం స్పష్టంగా తెలిసింది. ఒడ్డు నుంచి చూసే కొండలకూ, సముద్రం మీద నుంచి చూసే కొండలకూ ఎంతో తేడా ఉంది. ఎర్రటి మట్టి, పచ్చటి చెట్లు, వాటి కింద సన్నని ఇసుక గీత ఒకేసారి కనిపిస్తుంటే మా అమ్మ మాటలు మానేసి అలాగే చూస్తూ కూర్చుంది. మనిషికి కొన్ని వందల రూపాయలు తీసుకున్నారు; ఆ దృశ్యానికి అది ఎక్కువేమీ కాదు.

లైఫ్ జాకెట్లు అందరికీ ఇచ్చారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద 77 మందితో వెళుతున్న పర్యాటక బోటు మునిగి, 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడిన తరువాత, మన రాష్ట్రంలో జాకెట్టు లేకుండా పడవ ఎక్కించడానికి నిర్వాహకులు వెనుకాడుతున్నారు. అంతకు రెండేళ్ల ముందే, 2017 నవంబరులో, కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం వద్ద పవిత్ర సంగమంలో పడవ బోల్తాపడిన విషాదాన్నీ చూశాము. అన్ని ప్రాణాలు పోయాక వచ్చిన ఈ మార్పును చిన్నచూపు చూడలేను. కానీ జాకెట్టు ఇవ్వడం వేరు, సరిపోయే జాకెట్టు ఇవ్వడం వేరు. మా చిన్నవాడికి ఇచ్చినది పెద్దల జాకెట్టు. రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూస్తే అది వాడి చెవులు దాటి పైకి వచ్చేసింది. నీటిలో పడితే జాకెట్టు తేలుతుంది గాని, పిల్లవాడు అందులోంచి కిందికి జారిపోతాడు. పిల్లల జాకెట్టుకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరిగా ఉండాలి. ఎంత బరువున్న పిల్లలకు పనికివస్తుందో లోపలి చీటీ మీద రాసి ఉండాలి. 50 న్యూటన్ల తేలింపు శక్తి ఉన్నవి ఈత వచ్చినవారికి ఊతంగా మాత్రమే ఉపయోగపడతాయి. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్ల రకం కావాలి. మేము అడిగాక, లోపల వెతికి, తగిన జాకెట్టు తెచ్చి ఇచ్చారు. అంటే వస్తువు వారి దగ్గర ఉన్నది, అడగనిదే బయటికి రాలేదు.

అసలు కష్టం పడవ ఎక్కకముందే ఎదురైంది. ఆ చోట జెట్టీ లేదు. మోకాలి లోతు నీటిలో నడిచి వెళ్లి, నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. అలా నడుస్తున్నప్పుడు మా అన్నయ్య కూతురు ఒక్కసారిగా కేక వేసింది. ఒడ్డుకు తీసుకువచ్చి చూస్తే పిక్క మీద కొరడాతో కొట్టినట్టుగా ఎర్రటి చారలు, వాటి మీద సన్నని నీలి దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి. సహాయకుడిగా ఉన్న కుర్రవాడు పరుగున వచ్చి, మంచి మనసుతోనే, తడి ఇసుకతో ఆ చోటు గట్టిగా రుద్ది, సీసాలోని మంచినీళ్లు పోశాడు. మంట తగ్గకపోగా రెట్టింపైంది.

ఆమెను కుట్టినది జెల్లీఫిష్. మంట ఎందుకు పెరిగిందో చెప్పుకోవాలి. జెల్లీఫిష్ తీగలలో కంటికి కనిపించని వేల కణాలు ఉంటాయి. ఒక్కొక్క కణంలో చుట్ట చుట్టుకున్న సూది వంటి నిర్మాణం ఉండి, ఒత్తిడి తగిలినప్పుడు విచ్చుకుని విషాన్ని లోపలికి దింపుతుంది. చర్మానికి అంటుకున్న తీగలో ఇంకా పేలని కణాలు ఎన్నో మిగిలి ఉంటాయి. ఇసుకతో రుద్దితే అవి పేలుతాయి. ఉప్పునీటికి అలవాటుపడిన ఆ కణాల మీద మంచినీళ్లు పడినా పేలుతాయి. చేయవలసినది ఏమిటంటే, ముందుగా సముద్రపు నీటితోనే మెల్లగా కడగాలి, పట్టకారుతో గాని, చేతికి తొడుగు వేసుకుని గాని తీగ ముక్కలను తీసివేయాలి. తరువాత చర్మం ఓర్చుకోగల వేడినీటిలో, 45 డిగ్రీలకు మించకుండా, కనీసం 20 నిమిషాలు ఆ భాగాన్ని ఉంచాలి. వెనిగర్ అన్ని రకాలకూ మందు కాదు. బాక్స్ జెల్లీఫిష్ కుట్టినప్పుడు అది మేలు చేస్తుంది గాని, నీలి బుడగలా తేలే బ్లూ బాటిల్ కుట్టినప్పుడు దానిని వాడవద్దని ఆస్ట్రేలియా ప్రథమ చికిత్స మార్గదర్శకాలు చెబుతాయి. మూత్రం పోయాలన్న మాట మన దగ్గరా వినిపిస్తుంది. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, ముఖం వాయడం వంటివి కనిపిస్తే ఇవేవీ చేస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోను చేయాలి.

మా అన్నయ్య కూతురికి అంత ప్రమాదం రాలేదు. పక్కనే ఉన్న టీ దుకాణం ఆమె పొయ్యి మీద నీళ్లు కాచి ఇచ్చింది. ఆ నీళ్లలో కాలు పెట్టించాక మంట క్రమంగా శాంతించింది. ఆ తల్లికి ఇక్కడ కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. కానీ మనుషులను రోజంతా సముద్రంలోకి తీసుకువెళ్లే సంస్థ దగ్గర ఒక ఫ్లాస్కు వేడినీళ్లు, ఒక పట్టకారు, ఒక జత తొడుగులు లేకపోవడం నాకు ఎంతో బాధ కలిగించింది. వాటికయ్యే ఖర్చు ఒక్క టికెట్టుకు మించదు.

జెల్లీఫిష్ రాకను ముందుగా గుర్తించడం అసాధ్యమేమీ కాదు. అది బలంగా ఈదే ప్రాణి కాదు, నీటి ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. బ్లూ బాటిల్‌కైతే నీటి పైన తెరచాప వంటి బుడగ ఉండడం వల్ల, గాలి ఒడ్డు వైపు వీచిన రోజుల్లో గుంపులుగా కొట్టుకువస్తుంది. తెల్లవారుజామున అలివి వల లాగే జాలారుల దగ్గరికి వెళ్లి, వలలో చేపలతో పాటు ఏమేమి పడ్డాయో చూస్తే ఆ రోజు నీటి సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఇసుక మీద జిగటగా, పారదర్శకంగా పడి ఉన్నవి చచ్చినవే కదా అని పిల్లలు వేలితో పొడుస్తారు. చచ్చిన జెల్లీఫిష్ తీగలు కూడా కుడతాయి. మా సరంగుకు ఇవన్నీ తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగితే, పొద్దున వలలో చాలా పడ్డాయని ఆయనే చెప్పాడు. ఆ ఒక్క మాట టికెట్టు గది దగ్గర నల్లబల్ల మీద రాసి పెట్టి ఉంటే మేము పిల్లలకు కాళ్లు నిండా కప్పే దుస్తులు, రబ్బరు చెప్పులు వేసి నీటిలోకి దింపేవాళ్లం. పడవను నడిపేవాడికి తెలిసిన విషయం పడవ ఎక్కేవాడికి చేరే ఏర్పాటు లేకపోవడమే ఈ సేవలో నేను చూసిన అతి పెద్ద లోపం.

ఇక నీటి పరిశుభ్రత. రుషికొండ బీచ్‌కు 2020 అక్టోబరులో, పరిశుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. దేశంలో తొలి విడతగా ఆ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. 2025లో పరిశుభ్రతపై ఫిర్యాదులు రావడంతో కొద్దికాలం నిలిచిపోయి, పరిస్థితి చక్కదిద్దాక తిరిగి లభించింది. ఆ గుర్తింపు ఉన్న చోట నీటి నమూనాలను క్రమం తప్పకుండా పరీక్షించి, ఫలితాలను సందర్శకులకు కనిపించేలా బోర్డు మీద పెట్టాలి. అయితే ఆ జెండా వర్తించేది ఆ బీచ్‌లో గిరిగీసిన భాగానికే గాని, మొత్తం తీరానికి కాదు. పడవలు బయలుదేరే చోట్లు చాలావరకు ఆ హద్దుల బయట ఉంటాయి. స్నానానికి, నీటి క్రీడలకు వాడే సముద్రపు నీటిలో 100 మిల్లీలీటర్లకు మల సంబంధ కోలిఫారం బాక్టీరియా 100కు మించరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. మేము ఎక్కిన రేవులో అటువంటి లెక్క ఏదీ రాసి లేదు, అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు.

విశాఖ నగరం నుంచి సముద్రంలో కలిసే గెడ్డలను, అంటే వాగులను, చూసినవారికి ఈ లెక్క ఎందుకు ముఖ్యమో విడమరచి చెప్పనవసరం లేదు. వర్షం పడితే కొండల మీద నుంచి, కాలనీల మధ్య నుంచి వచ్చిన నీరంతా మురుగుతో, ప్లాస్టిక్‌తో సహా గెడ్డల గుండా నేరుగా తీరానికి చేరుతుంది. భారీ వర్షం కురిశాక కనీసం రెండు రోజులు సముద్రపు నీటిలో దిగకపోవడం మంచిది. చెవిపోటు, విరేచనాలు, చర్మం దురద పిల్లలకు ఎక్కువగా పట్టుకునేది అప్పుడే. నీరు మట్టిరంగులోకి తిరిగి ఉంటే, గెడ్డ కలిసే చోటు దగ్గరలో ఉంటే, డబ్బు వెనక్కి రాకపోయినా సరే పిల్లలను నీటిలో దించకండి. మురుగులోని పోషకాలు సముద్రంలో పాచిని పెంచుతాయి, ఆ పాచిని ఆధారం చేసుకున్న సూక్ష్మజీవులు జెల్లీఫిష్‌కు ఆహారమవుతాయి. జెల్లీఫిష్‌ను తినే తాబేళ్లేమో తేలుతున్న పాలిథీన్ సంచినే జెల్లీఫిష్ అనుకుని మింగి చనిపోతున్నాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ప్రతి ఏటా మన తీరానికే వస్తాయి. కాలుష్యమూ జెల్లీఫిష్ బెడదా వేరువేరు సమస్యలు కావని నేను గట్టిగా అనుకుంటున్నాను.

పడవ వల్ల కలిగే కాలుష్యం సంగతీ చెప్పాలి. పాత పద్ధతి టూ స్ట్రోక్ మోటారు, పోసిన ఇంధనంలో దాదాపు నాలుగో వంతును మండించకుండానే నీటిలోకి, గాలిలోకి వదిలేస్తుంది. మా పడవ ఆగిన చోట నీటి మీద నూనె పొర పరుచుకోవడం పిల్లలు కూడా గమనించారు. వెనుక బల్ల మీద కూర్చున్న మా అమ్మకు పొగ వల్ల తల తిరిగింది. ముందు వైపుకు మార్చాక కుదుటపడింది. పిల్లలను, ముసలివారిని మోటారు పక్కన కూర్చోబెట్టకూడదన్న సూచన సరంగు నోట మొదటే రావలసింది. తిరుగు ప్రయాణంలో పంకాకు ప్లాస్టిక్ చుట్టుకుని మోటారు ఆగిపోయింది. సరంగు నిబ్బరంగా మోటారును పైకెత్తి, చుట్టుకున్న సంచిని కోసి తీసి, దానిని తిరిగి సముద్రంలో విసరకుండా పడవ అడుగున పెట్టుకున్నాడు. ఈ పనికి ఆయనను మనసారా అభినందిస్తున్నాను.

మొత్తం మీద పడవకూ సరంగుకూ ఐదుకు నాలుగున్నర, భద్రతా ఏర్పాట్లకు రెండు ఇస్తాను. ఈత వచ్చిన పెద్దలకు, పదేళ్లు దాటిన పిల్లలకు ఈ విహారాన్ని సిఫారసు చేయగలను. అంతకంటే చిన్నపిల్లలున్నవారు జెట్టీ నుంచి ఎక్కించే చోటునే ఎంచుకోవడం మేలు. జనవరి నుంచి మార్చి వరకు, ఉదయం గాలి లేవకముందే వెళ్లండి. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలను ముందు రోజు చూసుకోండి. కోస్ట్ గార్డు అత్యవసర నంబరు 1554ను ఫోనులో పెట్టుకోండి. సంస్థవారికి వేడినీళ్లు, పట్టకారు, నల్లబల్ల, పిల్లల జాకెట్ల గురించి రాతపూర్వకంగా తెలియజేశాను. జాకెట్లను సైజుల వారీగా బయట వేలాడదీస్తామని వారు ఒప్పుకున్నారు, మిగిలినవాటికి ఇంకా సమాధానం రాలేదు. వచ్చాక ఈ సమీక్షలోని మార్కులను సవరిస్తాను.