బీఎండబ్ల్యూ జెడ్4కి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4: నెల్లూరు ఎండలో, వానలో, గాలి లెక్కలతో సహా

నా జెడ్4కి రన్‌ఫ్లాట్ టైర్లు తీయించేసి మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 వేయించాను. నెల్లూరు, ఒంగోలు వైపు ఇలాంటి కారు నడిపేవాళ్లకి నా తీర్పు ముందే చెబుతున్నాను: వేయించుకోండి. కాకపోతే గాలి సంగతి షాపు కుర్రాడికి వదిలేయకండి. వీటి మీద పెట్టే డబ్బుకి పూర్తి ఫలితం దక్కాలంటే గాలి కొలిచే గేజి మీ చేతిలో ఉండాలి.

నాది ఈ89 తరం 35ఐ. 3 లీటర్ల ట్విన్ టర్బో ఇంజను, 306 హార్స్‌పవర్, అదంతా వెనక చక్రాలకే. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. కావలి దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి గానీ గట్ల మీదకి బొలెరోలో వెళ్తాను. ఇది హైవేకి, ఘాట్ రోడ్డుకి, వీలు కుదిరితే చెన్నై ట్రాక్‌కి. చక్రాలు 18 అంగుళాలవి, టైర్లు ముందు 225/40, వెనక 255/35 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో). సైజులు వేరు కాబట్టి ముందువి వెనక్కి మార్చి అరుగుదల సమానం చేసుకునే వీలు లేదు. వెనక జత ముందుగా అరుగుతుంది, ఆ ఖర్చు వేరే రాసిపెట్టుకోవాల్సిందే.

రన్‌ఫ్లాట్ ఎందుకు వద్దనుకున్నానో చెబుతాను. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్లు మించకుండా ఓ 80 కిలోమీటర్ల దాకా ఇంటికి చేర్చే టైరు అది. పక్క గోడలు అంత గట్టిగా ఉంటాయి కనుకే ఈ కారుకి స్టెప్నీ ఇవ్వలేదు. మన నేషనల్ హైవే 16 మీద దానితో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా హైవే దిగాకే. సర్వీసు రోడ్డు గుంతలు, ఊళ్ల మొదట్లో రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు, వంతెనల అతుకులు, ప్రతి దెబ్బా నేరుగా నడుముకి వచ్చేది. వెనక టైరు పక్క గోడ ఎత్తు 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త కూడా వంగకపోతే దెబ్బ రిమ్ము తింటుంది.

కొత్త టైర్లతో మొదటిసారి వెళ్లినప్పుడే తేడా తెలిసింది. అతుకుల మీద వచ్చే ఠక్‌ఠక్ శబ్దం సగానికి సగం తగ్గింది. మలుపు మధ్యలో గుంత తగిలినా కారు పక్కకి గెంతడం లేదు, రోడ్డుని వదలకుండా పోతోంది. గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నంద్యాల వైపు ఘాట్ ఎక్కితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మలుపు నుంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ ఎంత నొక్కొచ్చో వెనక టైరు ముందే చెబుతుంది. దీని ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల భాగం, కింది పట్టీలో నైలాన్‌తో పాటు అరామిడ్ అనే గట్టి నార కూడా వాడారు. వేగం పెరిగినప్పుడు టైరు నడుమ ఉబ్బకుండా ఆ పట్టీ బిగించి పట్టుకుంటుంది.

స్టెప్నీ లేని కారులో మామూలు టైర్లంటే డిక్కీలో పంచర్ కిట్టు, సీలెంట్ డబ్బా, చిన్న ఎయిర్ పంపు తప్పనిసరి. పక్క గోడ చిరిగితే అవీ పనికిరావు, కారుని బండి మీద ఎక్కించాల్సిందే. అర్ధరాత్రి సింగరాయకొండకీ టంగుటూరుకీ మధ్య ఆగిపోతే ఎలా అని టెన్షన్ పడేవాళ్లు, ఇంట్లో ఆడవాళ్లు ఒంటరిగా కారు తీసుకెళ్లే అవసరం ఉన్నవాళ్లు రన్‌ఫ్లాట్‌లోనే ఉండటం మేలు. దాంట్లో నాకు అనుమానం లేదు.

కొనేటప్పుడు సైజొక్కటే చూస్తే చాలదు. సైజు పక్కన 92వై, 94వై అని ఉంటుంది. 92 అంటే ఆ టైరు 630 కిలోలు మోస్తుంది, 94 అంటే 670. వై అంటే గంటకు 300 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. ఒక షాపులో ఇదే సైజులో హెచ్ రేటింగ్ టైరు తక్కువకి ఇస్తామన్నారు. అది 210 వరకే. మనం అంత వేగం పోకపోయినా, వేడిని తట్టుకునే శక్తిలో ఆ తేడా ఉంటుంది కాబట్టి నేను ఒప్పుకోలేదు. ఇంకో చోట ముందు జత కొత్తది, వెనక జత మూడేళ్ల కిందటిది చూపించారు. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలు పెట్టింది. అప్పటినుంచి ఇలాంటి సైజులకి ఓపిక కావాలి. దొరికిందే చాలని పాత సరుకు తీసుకోవద్దు. నాకు నాలుగూ కలిపి, బిగింపుతో సహా, లక్షకు అటూఇటూ అయింది.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. పక్క గోడ మీద అవుట్‌సైడ్ అని అచ్చుపోసి ఉన్న వైపు బయటికి రావాలి. అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి. మినీ బైపాస్‌లో నేను వెళ్లే షాపు కుర్రాడు పనిమంతుడు, రిమ్ముకి గీత పడనివ్వడు. అంతా అయ్యాక గాలి గొట్టం పట్టుకుని అడిగాడు.

"ఎంత పెట్టమంటావన్నా? హైవేలో పొయ్యే బండి గదా, నలభై ఏసేద్దామా?"

"వద్దబ్బయ్యా. ముందు 32, వెనక 34 పెట్టు. మిగతాది రేపు పొద్దున నేను చూసుకుంటా."

గాలి విషయంలో మన దగ్గర రెండు మాటలు తిరుగుతుంటాయి. హైవే అయితే ఎక్కువ కొట్టించాలి. ఎండాకాలమైతే తగ్గించాలి, లేకపోతే పేలుద్ది. రెండోది నిజంగా ప్రమాదం. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఎక్కువ వంగుతుంది, వంగే కొద్దీ లోపల వేడి పుడుతుంది, ఆ వేడికే టైరు విడిపోతుంది. మే నెల రోడ్డు మీద గాలి తగ్గించడమంటే ఆ వేడిని మనమే పెంచడం.

లెక్క ఇలా ఉంటుంది. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగితే టైరులో ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, ఇక్కడి 32, 34 అంకెలన్నీ అవే) పెరుగుతుంది. తెల్లవారుజామున 28 డిగ్రీల దగ్గర 32 ఉన్న టైరు, కదలకుండా నీడలోనే ఉన్నా, మధ్యాహ్నం 43 డిగ్రీలకి 34 దాటుతుంది. అక్కడినుంచి ఒంగోలు దాకా నడిపితే ఇంకో నాలుగైదు ఎక్కుతుంది. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న అంకెలు చల్లటి టైరువి, ఈ పెరుగుదల లెక్క కట్టే ఇచ్చినవి. వేడి మీద 38 కనబడిందని బంకులో 32కి దించేస్తే మర్నాటి పొద్దున అది 26 దగ్గర ఉంటుంది. వేడి టైరు నుంచి గాలి తీయొద్దు.

చెరువులో ఆక్సిజన్ తెల్లవారకముందే చూస్తాం, అప్పుడే అది అన్నిటికంటే తక్కువ ఉంటుంది కాబట్టి. టైరు గాలి కూడా అంతే. ఎటూ నాలుగింటికి లేచేవాణ్ణే, కారు బయటికి తీయకముందే నా గేజితో చూసుకుంటాను. బంకు గేజిని నమ్మను. ఒక బంకులో 34 అని చూపించిన టైరు నా గేజిలో 30 వచ్చింది. నా కారులోని హెచ్చరిక దీపం గాలి ఎంతుందో చెప్పదు, చక్రాలు తిరిగే వేగాల్లో తేడా వచ్చినప్పుడు మాత్రమే వెలుగుతుంది. నాలుగింటిలోనూ సమానంగా దిగిపోతే దానికి తెలియదు. నైట్రోజన్ గురించి కూడా అడుగుతుంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. అసలు కావాల్సింది పొడిగాలి, సముద్రపు తేమ ఉన్న మన ఊళ్లలో కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు వదిలించే షాపు దొరికితే అది చాలు.

ఒక్కణ్ణే ఉంటే 32, 34. పక్కన మనిషి, డిక్కీలో సామాను ఉండి హైవే ప్రయాణమైతే స్టిక్కర్ చెప్పినంత పెంచుతాను. ముందు 30కి దించి చూస్తే స్టీరింగ్ తిప్పాక కారు ఆలోచించి కదులుతున్నట్టుంది. వెనక 37 చేస్తే యాక్సిలరేటర్ నొక్కగానే వెనక భాగం తేలిపోతోంది. ఒక్కసారి రెండు పీఎస్ఐ కంటే ఎక్కువ మార్చకండి, ముందు జతో వెనక జతో ఒక్కటే మార్చండి, అదే రోడ్డు మీద చూడండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు మొదలైతే గాలికి ఇంకో విలువ వస్తుంది. నీళ్ల మీద టైరు తేలిపోవడం గురించి 1963లో నాసా పరిశోధకులు విమానం టైర్లతో ఒక సూత్రం రాశారు. లోతైన నీళ్లలో, ట్రెడ్ లేని టైరుకి అది వర్తిస్తుంది. ఆ లెక్కన 25 పీఎస్ఐ దగ్గర గంటకు సుమారు 83 కిలోమీటర్లకే తేలుతుంది, 36 దగ్గర దాదాపు 100 దాకా ఆగుతుంది. కొత్త ట్రెడ్ నీళ్లని బయటికి తోసి ఇంకొంచెం అవకాశమిస్తుంది. అయినా 255 వెడల్పు టైరు ఆల్టో టైరు కంటే ముందే తేలుతుంది. పైలట్ స్పోర్ట్ 4 తడి రోడ్డు మీద బ్రేకు అద్భుతంగా పట్టుకుంటుంది, ఈ టైర్లలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. కానీ ముసునూరు టోల్‌గేటు దాటాక రోడ్డు మీద నీళ్లు నిలిచి కనిపిస్తే నేను 70కి దిగిపోతాను.

ట్రాక్ లెక్క వేరు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అక్కడ టైరు బాగా కాగి గాలి 8 దాకా పెరుగుతుంది. కాబట్టి 28తో మొదలుపెట్టి, మొదటి రెండు ల్యాపులూ నెమ్మదిగా వెళ్లి, వేడి మీద 36 దాటకుండా చూసుకుంటాను. టైరు భుజం మీద చాక్‌పీసుతో గీత గీస్తే మలుపుల్లో పక్క గోడ ఎంతవరకు వాలుతోందో తెలుస్తుంది. మిషెలిన్ బొమ్మ మనిషి గుర్తు దాటి గీత చెరిగిపోతే గాలి తక్కువైనట్టే. వేడి టైరు నుంచి గాలి తీసేది అక్కడొక్కచోటే. ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ కొట్టించాలి.

ఇప్పుడు వెనక జత అరుగుదల నడుమలోనూ అంచుల్లోనూ సమానంగా ఉంది. గట్టిగా నడిపితే వెనకవి ఎక్కువ కాలం రావు, మెత్తటి రబ్బరుకి అది తప్పదు. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందని చూపే గుర్తు దాకా ఆగను, 3 దగ్గరే, వానలకి ముందే మార్చేస్తాను. దీని తర్వాతి మోడల్ పైలట్ స్పోర్ట్ 5 ఉంది. 4 దొరక్కపోతే నాలుగూ అవే వేయిస్తాను, ముందొక రకం వెనకొక రకం మాత్రం వేయను.