పిల్లల కథా రచన: వేసవి శిబిరమా, ఆదివారం క్లాసా?

ఐదు రోజుల వేసవి శిబిరంలో సందడి ఎక్కువ. ఎనిమిదేళ్ల పిల్లలకు అది చాలు, రాయాలంటే ఉన్న భయం పోతుంది. పోటీలు, బహుమతులు పెట్టే చోటికి మాత్రం పంపకండి.

పదమూడు దాటినవాళ్లకు ఆదివారం క్లాసే మేలు. రాసింది చూపించాలంటేనే వాళ్లకు టెన్షన్; నమ్మకం కుదరడానికి వారాలు పడుతుంది. తిరగరాయడం అలవాటయ్యేదీ అక్కడే. ఒకమ్మాయి "నాయనమ్మ చాలా బాధపడింది" అని రాసుకొచ్చింది. బాధపడి ఏం చేసిందని అడిగాం. మూడో వారానికి అది "నాయనమ్మ తాతయ్య కళ్లజోడు తుడిచి, మళ్లీ పెట్టెలో పెట్టింది" అయింది. శిబిరం హడావిడిలో అంత తీరిక దొరకదు.

రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపి 'రేడియో అన్నయ్య'గా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు గారు 1945లోనే పిల్లల కోసం 'బాల' పత్రిక మొదలుపెట్టారు. క్లాసు పిల్లల చేత నెలకో గోడపత్రిక అయినా రాయించండి.