ఇనుము, సిమెంటు కొట్టు బిల్లులకు ఆక్సెస్: ఏడేళ్లు వాడాక

విజయనగరంలో సిమెంటు, ఊచలు, పైపులు, రంగులు అమ్మే కొట్టు. రెండు కౌంటర్లు, రోజుకు నలభై నుంచి అరవై బిల్లులు. ఏడేళ్లుగా ఈ బిల్లులన్నీ మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రాం ఎం.ఎస్. ఆక్సెస్‌లో సొంతంగా కట్టుకున్న డేటాబేస్ నుంచే వస్తున్నాయి. ముందే చెప్పేస్తాను: టేబుళ్లు సరిగా కుదిరితే ఈ స్థాయి కొట్టుకు ఆక్సెస్ చాలు. కుదరకపోతే మాత్రం ఆ తప్పు మొదటి నెలలో కనబడదు. రెండేళ్ల కిందటి బిల్లు మళ్లీ ప్రింటు తీసి ఇమ్మని ఎవరైనా అడిగిన రోజున బయటపడుతుంది.

ముఖ్యమైన టేబుళ్లు ఆరు: పార్టీలు (కొనేవాళ్లు), సరుకులు, పన్ను రేట్లు, బిల్లు తల, బిల్లు వరసలు, జమలు. తేదీ, పార్టీ, బిల్లు నంబరు తలలో ఉంటాయి. ఏ సరుకు, ఎంత, ఏ రేటుకు అన్నది వరసల్లో. ఇంతవరకు ఏ పుస్తకం చూసినా ఇదే ఉంటుంది. తేడా అంతా వరసల టేబుల్లో ఏ కాలమ్‌లు పెట్టామన్న దగ్గరే. సరుకు కోడు ఒక్కటే పెట్టి, పేరు, రేటు, పన్ను శాతం సరుకుల టేబుల్ నుంచి తెచ్చుకుందామనుకుంటే దెబ్బ తింటారు. ఒకే సమాచారం రెండు చోట్ల ఉండకూడదన్న పాఠం ఇక్కడ పనిచేయదు. ఈ రోజు రేటు ఒక సమాచారం, ఆ రోజు అమ్మిన రేటు ఇంకో సమాచారం.

సిమెంటు సంగతే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22న దాని మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుకు ముందు 320 రూపాయల చొప్పున 20 బస్తాలంటే సరుకు విలువ 6,400. పాత పన్నుతో బిల్లు 8,192, కొత్త పన్నుతో 7,552. శాతం సరుకుల టేబుల్లోనే ఉంటే, ఆగస్టు నాటి బిల్లు ఇప్పుడు తీస్తే 7,552 అని వస్తుంది. పార్టీ దగ్గరున్న కాగితంతో అది కలవదు. అందుకే పేరు, హెచ్ఎస్ఎన్ కోడు (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే సంఖ్య), యూనిట్, రేటు, పన్ను శాతం అయిదూ బిల్లు కొట్టిన క్షణాన వరసలోకి కాపీ అయిపోవాలి. పన్ను రేట్ల టేబుల్లో 'ఏ తేదీ నుంచి' అన్న కాలమ్ ఒకటి ఉండాలి. అదుంటే ఆ సెప్టెంబరు మార్పుకు ఒక్కో సరుకు కోడుకు ఒక కొత్త వరస చేరిస్తే సరిపోయేది.

పార్టీ చిరునామాదీ అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పార్వతీపురం, సాలూరు పార్టీలు విజయనగరం జిల్లా నుంచి పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి, రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది. పార్టీల టేబుల్లో జిల్లా మార్చగానే 2021 బిల్లుల మీద కూడా కొత్త జిల్లా పడకూడదనుకుంటే, చిరునామాను కూడా బిల్లు తలలోకి కాపీ చేసుకోవాలి.

ఇక పైసల లెక్క. కౌంటర్ దగ్గర బేరం 'అన్నీ కలిపి బస్తా 380' అని తెగుతుంది, బిల్లులో పన్ను విడిగా చూపాలి. 380ని 1.18తో భాగించి 322.03కి కుదించి 20తో గుణిస్తే 6,440.60. దాని మీద 9 శాతం చొప్పున కేంద్రం, రాష్ట్రం పన్నులు రెండు, ఒక్కోటీ 579.65. మొత్తం 7,599.90, అంటే పది పైసలు తక్కువ. వెనక్కి లెక్క కట్టాల్సింది బస్తా మీద కాదు, వరస మొత్తం మీద: 7,600ని 1.18తో భాగిస్తే 6,440.68, పన్నులు 579.66 చొప్పున, కూడితే సరిగ్గా 7,600. ఆక్సెస్‌లో రౌండ్ ఫంక్షన్ మనం బడిలో నేర్చుకున్నట్టు పనిచేయదు. సగం దగ్గర సరి అంకె వైపు మొగ్గుతుంది కాబట్టి 12.125ని 12.12 చేస్తుంది. నూరుతో గుణించి, అర కలిపి, ఇంట్ ఫంక్షన్‌తో దశాంశాలు తీసేసి, మళ్లీ నూరుతో భాగించే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని అన్ని చోట్లా దాన్నే పిలవాలి. డబ్బు కాలమ్‌లకు దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే డబుల్ టైపు వద్దు, కరెన్సీ టైపు పెట్టండి. అది నాలుగు దశాంశాలను కచ్చితంగా పట్టుకుంటుంది. బరువు కాలమ్‌కు కూడా కరెన్సీ టైపే పెట్టుకోవచ్చు, చూడ్డానికి వింతగా ఉన్నా లెక్క తప్పదు.

ఊచలకు ఒక్క పరిమాణం కాలమ్ చాలదు. మేస్త్రి అడిగేది లెక్కన, రేటు కిలోకి. 12 ఎం.ఎం. ఊచ మీటరుకు 0.889 కిలోలు, 12 మీటర్ల ఊచ దాదాపు 10.67 కిలోలు. కానీ కాటా మీద అంతే రాదు. అందుకని 'సంఖ్య' ఒక కాలమ్, 'బిల్లు పరిమాణం' ఇంకో కాలమ్. మొదటిది గోడౌన్ నుంచి సరుకు ఎక్కించేవాడికి, రెండోది డబ్బుకు. సూత్రం వేసిన బరువును కాటా బరువుతో దిద్దే వీలు ఫారంలో, అంటే బిల్లు కొట్టే తెర మీద, ఉండాలి.

బిల్లు నంబరుకు ఆటోనంబర్ (ఆక్సెస్ తానే ఇచ్చుకునే నంబరు) వాడొద్దు. సగంలో ఎస్కేప్ కొట్టిన బిల్లు కూడా ఒక నంబరు మింగేస్తుంది. నంబరు వరసగా ఉండాలి, ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే రావాలి, 16 అక్షరాలు దాటకూడదు. రెండక్షరాల సిరీస్, గీత, 25-26 లాంటి ఆర్థిక సంవత్సరం, గీత, అయిదంకెల నంబరు అంటే 14 అక్షరాలు. సంవత్సరం, సిరీస్, నంబరు మూడు కాలమ్‌లుగా ఉంచి, మూడూ కలిపి ఒకటే రెండుసార్లు రానివ్వని యునీక్ ఇండెక్స్ పెట్టాలి. సేవ్ చేసేటప్పుడు డీమాక్స్ ఫంక్షన్‌తో చివరి నంబరు తీసి ఒకటి కలపాలి. రెండు కౌంటర్లూ ఒకేసారి సేవ్ నొక్కితే రెండోదానికి ఆ నంబరు ముందే ఉందని 3022 ఎర్రర్ వస్తుంది. దాన్ని పట్టుకుని ఇంకో నంబరుతో మళ్లీ ప్రయత్నించేలా రాస్తే గుమస్తాకు ఆ విషయమే తెలియదు. రద్దయిన బిల్లును తుడిచేయకూడదు, 'రద్దు' అని గుర్తు పెట్టాలి. అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఎన్ని నంబర్లు వాడారు, ఎన్ని రద్దయ్యాయి అని అడుగుతారు.

మన దగ్గర ఇంకో మెలిక, ఒడిశా. రాయగడ, పర్లాకిమిడి పార్టీలకు సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను) కాదు, రాష్ట్రం దాటే సరుకు మీద వేసే ఐజీఎస్టీ పడాలి. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 37 అయితే ఆంధ్ర, 21 అయితే ఒడిశా. ఫారం దాన్ని చూసి సరఫరా రాష్ట్రం కోడు తానే నింపాలి, కానీ గుమస్తా మార్చగలిగేలా ఉండాలి. జీఎస్టీ నంబరు లేని వాళ్లకు 2023 అక్టోబరు నుంచి బిల్లు మీద రాసిన చిరునామాలోని రాష్ట్రమే లెక్క. అంచేత పర్లాకిమిడి అని ఊరికే రాసి ఎస్‌జీఎస్టీ వేస్తే తప్పే.

ఆక్సెస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది రిపోర్టు, అంటే కాగితం మీద ప్రింటయ్యే రూపం. మూడు కాపీలు కావాలంటే మూడుసార్లు ప్రింటు నొక్కక్కర్లేదు. ఒరిజినల్, డూప్లికేట్, ట్రిప్లికేట్ అని మూడు వరసలున్న చిన్న టేబుల్‌ను ఏ జాయిన్ (టేబుళ్లను కలిపే లింకు) లేకుండా రిపోర్టుకు సమాచారం తెచ్చే క్వెరీలో పెడితే ప్రతి వరసా మూడుసార్లు వస్తుంది. కాపీ నంబరు మీద గ్రూపు చేసి, ఒక్కో గ్రూపు కొత్త పేజీలో మొదలయ్యేలా పెడితే సరి. వరస సంఖ్యకు టెక్స్ట్ బాక్సులో =1 రాసి రన్నింగ్ సమ్ 'ఓవర్ గ్రూప్' పెట్టండి. మొత్తాలను పేజీ ఫుటర్‌లో పెడితే ఎర్రర్ వస్తుంది, అవి గ్రూపు ఫుటర్‌లో ఉండాలి. కాలమ్‌కు 'నేమ్' అని పేరు పెడితే మాత్రం, పార్టీ పేరు రావాల్సిన చోట రిపోర్టు పేరు ప్రింటయినా ఆశ్చర్యపోకండి.

తెలుగు విషయంలో మార్కులు సగమే. టేబుళ్లలో, రిపోర్టులో తెలుగు చక్కగా నిలుస్తుంది. ఆక్సెస్ ఫంక్షన్లు రాసే వీబీఏ కోడులో మాత్రం తెలుగు రాస్తే ప్రశ్న గుర్తులవుతాయి. అందుకని గుమస్తాకు చూపే మాటలన్నీ ఒక టేబుల్లో పెట్టి అక్కణ్ణుంచి తెచ్చుకోవాలి. ఇంగ్లిషు కొలతతో పెట్టిన బాక్సులో తెలుగు వత్తులు అడుగున తెగిపోతాయి. నిర్మలా యూఐ ఫాంటుకు బాక్సు ఎత్తు మూడో వంతు పెంచితే కుదిరింది. డాట్ మ్యాట్రిక్స్ మీద తెలుగు బొమ్మలా గీస్తుంది కాబట్టి బాగా నెమ్మది. రద్దీ వేళ మా కౌంటర్లో ఇంగ్లిషు బిల్లే.

ఫైలును మొదటి రోజే రెండుగా విడదీయండి. టేబుళ్లు ఒక ఫైలులో మెయిన్ మెషీన్ మీద, ఫారాలు, రిపోర్టులు ఒక్కో కౌంటర్లో విడివిడి కాపీగా. రెండో కౌంటర్‌కు ఉచితంగా దొరికే రన్‌టైమ్ (ఫైలును నడపడానికే పనికొచ్చే ఆక్సెస్) చాలు. మెషీన్ల మధ్య కేబులే ఉండాలి. రాత మధ్యలో వైఫై తెగితే ఫైలు పాడవుతుంది, కరెంటు పోయినా అంతే, కాబట్టి రెండు మెషీన్లకూ యూపీఎస్ తప్పదు. వాడుతున్న ఫైలును క్లౌడ్ ఫోల్డర్లో పెట్టకండి. కొట్టు కట్టేశాక కాపీని అక్కడికి పంపండి, ఫైలును సర్ది బాగుచేసే కాంపాక్ట్ అండ్ రిపేర్ వారానికోసారి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల కోసం చేతిరాత పుస్తకానికి వేరే సిరీస్ ముందే పెట్టుకుంటే, తర్వాత ఆ బిల్లులను అదే నంబర్లతో ఎక్కించుకోవచ్చు.

ఆక్సెస్ ఫైలుకున్న 2 జీబీ పరిమితి గురించి బెంగ అక్కర్లేదు, టేబుళ్లలో ఫొటోలు నింపకపోతే ఇలాంటి కొట్టు దాని దరిదాపులకు పోదు. టర్నోవరు అయిదు కోట్లు దాటిన వాళ్లకు మాత్రం ఇది వద్దంటాను. ఇతర వ్యాపారులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి, అలాంటి ప్రతి బిల్లూ ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి ఐఆర్ఎన్ (బిల్లు గుర్తింపు సంఖ్య), క్యూఆర్ తెచ్చుకోవాలి. ఆక్సెస్ నుంచి అది చేయించవచ్చు గానీ, ఆ కోడు రాసినవాడు ఊళ్లో లేని రోజున కొట్టు ఆగిపోతుంది.