పాత షెవీ 350 ఇంజన్‌కి కార్బ్యురేటర్: ఏది మేలు?

మాది 1979 షెవర్లే (షెవీ) సీ10 పికప్, 350 ఘనపు అంగుళాల ఇంజన్, దాని మీద కంపెనీ నుంచి వచ్చిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్. సెల్ఫ్ కొట్టగానే నల్లపొగ, వేడెక్కాక ఐడిలింగ్ నిలబడకపోవడం మొదలయ్యేసరికి అడిగినవాళ్ళందరూ చెప్పింది ఒకటే: ఆ పాతది పీకేసి కొత్తది వెయ్యి. తొందరపడొద్దని నేనంటాను.

క్వాడ్రాజెట్‌కి గాలి లోపలికెళ్ళే గొంతులు నాలుగు. ముందు రెండూ చిన్నవి, 1⅜ అంగుళాలు. వెనకవి 2¼ అంగుళాలు. మామూలుగా తిరిగేటప్పుడు ఇంజన్ చిన్న గొంతులతోనే గాలి పీల్చుకుంటుంది కాబట్టి కాలు ఆనించగానే బండి కదులుతుంది, పెట్రోలూ మిగులుతుంది. బరువేసి పూర్తిగా తొక్కినప్పుడే వెనకవి తెరుచుకుంటాయి. పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె నడిమధ్యలో ఉంటుంది, అందుకే ఎత్తుపల్లాల్లో పెట్రోలు అంతగా తొణకదు.

మాది విప్పినప్పుడు నల్లటి ఫోమ్ ఫ్లోట్ బరువుగా తగిలింది. రిపేరు కిట్‌లో వచ్చిన కొత్తదాన్ని రెండో అరచేతిలో పెట్టుకోగానే తేడా తెలిసిపోయింది. పెట్రోలు పీల్చిన ఫ్లోట్ సరిగ్గా తేలదు, పెట్రోలు దారిని ఆపే నీడిల్ మూసుకోదు, గిన్నె పొంగిపోతుంది. నల్లపొగ అక్కడిదే. ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరున్న కిట్ వేసి, అడుగున కారే ప్లగ్గులు ఎపాక్సీతో మూస్తే సగం జబ్బులు పోతాయి.

దీనికి పెద్ద జబ్బు త్రాటిల్ షాఫ్ట్ (గొంతుల్లోని రేకుల్ని తిప్పే కడ్డీ) అరుగుదల. షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. లొడలొడలాడితే అక్కడ గాలి లాగుతున్నట్టే, స్క్రూలు ఎంత తిప్పినా ఐడిలింగ్ కుదరదు. బుష్‌లు వేయించాలి. అది చేసే మనిషి దొరక్కపోతేనే కొత్తదాని మాట.

కొత్తదంటే నా ఓటు ఎడెల్‌బ్రాక్ 1406కి. 600 సీఎఫ్‌ఎం (నిమిషానికి వదిలే గాలి, ఘనపు అడుగుల్లో), ఎలక్ట్రిక్ చోక్, మూలం కార్టర్ ఏఎఫ్‌బీ అనే పాత కార్బ్. పైనున్న చిన్న మూత తీస్తే పెట్రోలు పాళ్ళు నిర్ణయించే మీటరింగ్ రాడ్లు చేతికొస్తాయి, కార్బ్ దించకుండానే ట్యూనింగ్ మార్చుకోవచ్చు. అయితే గొంతులన్నీ చతురస్రంగా అమరి ఉంటాయి గనక, క్వాడ్రాజెట్ గొంతులకి సరిపోయేలా చేసిన కంపెనీ మానిఫోల్డ్ (కార్బ్ కూర్చునే గాలి గొట్టాల భాగం) మీద అడాప్టర్ ప్లేటు తప్పదు. పెట్రోలు ఒత్తిడి 6.5 పీఎస్‌ఐ దాటితే పొంగుతుంది. ఎండాకాలం ఇంజన్ ఆపాక గిన్నెలో పెట్రోలు మరిగి మళ్ళీ స్టార్ట్ అవడానికి మొరాయిస్తుంటే కింద మందపాటి ఇన్సులేటర్ గాస్కెట్ వేయండి. నిటారు దిబ్బలెక్కే పనుంటే మాత్రం క్వాడ్రాజెట్టే నయం.

హోలీ 1850 కూడా 600 సీఎఫ్‌ఎమ్మే, చోక్ చేత్తో లాగేది. మంచి కార్బే. కానీ జెట్లు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రాల బిళ్ళలు) మార్చాలంటే గిన్నెలు విప్పాలి, పెట్రోలు మానిఫోల్డ్ మీద ఒలుకుతుంది. ట్యూనింగ్ మీద మక్కువ ఉన్నవాళ్ళకి సరే, రోజూ పనికి తిప్పే బండికి నేను పెట్టను.

పెద్దది వేస్తే బలం వస్తుందనే మాట కూడా నమ్మకండి. 350 ఘనపు అంగుళాల ఇంజన్ 5000 ఆర్‌పీఎం మీద కూడా లెక్క ప్రకారం పీల్చేది సుమారు 506 సీఎఫ్‌ఎం, నిజానికి అంతకంటే తక్కువే. మరి క్వాడ్రాజెట్ 750 సీఎఫ్‌ఎం కదా అంటే, దాని వెనక గొంతుల మీద గాలి తలుపు ఉంటుంది, ఇంజన్ అడిగినంతే తెరుచుకుంటుంది.

కొనేముందు రెండు చూసుకోండి. 1980ల ట్రక్కయి, కార్బ్ మీంచి కంప్యూటర్‌కి వైర్లు పోతుంటే మామూలు కార్బ్ ఒక్కటే మారిస్తే సరిపోదు, డిస్ట్రిబ్యూటర్ కూడా మార్చాలి. గేర్‌బాక్స్ 700ఆర్4 ఆటోమేటిక్ అయితే కార్బ్ నుంచి దానికి వెళ్ళే టీవీ (త్రాటిల్ వాల్వ్) కేబుల్ కొలత మరీ ముఖ్యం. గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ ఒత్తిడిని నడిపేది ఆ కేబులే. కొత్త కార్బ్‌కి తగిన బ్రాకెట్ లేకుండా ఏదో ఒకలా తగిలించి నడిపితే కొద్ది రోజుల్లోనే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. బ్రాకెట్ కార్బ్‌తోపాటే తెప్పించుకుని, రెండూ చేతికొచ్చాకే పాతది విప్పండి.